ఐదుకీ ఐదున్నరకీ మధ్య ఒక పెట్టె

శ్రుతి తప్పిన హార్మోనియం వింటే నాకు అన్నంలో రాయి తగిలినట్టు ఉంటుంది. నమలడం ఆపి అదెక్కడుందో వెతుక్కోవాల్సిందే. ఇది నా గొప్ప కాదు, రోగం. తెనాలిలో మా నాన్న నాటకాల వాళ్ళకి హార్మోనియం పెట్టెలు బాగుచేసేవాడు. ఆయన తర్వాత ఆ దుకాణం నేనే చూసుకుంటున్నాను. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి గానీ, భజన జరుగుతున్న ఇంట్లో ప్రసాదం తిని రావడం ఇప్పటికీ నాకు చేతకాదు. పెట్టె విప్పి చూడమంటానేమోనని వాళ్ళకీ భయమే.

అలాంటి నన్ను రాయచూరు జిల్లా దాకా లాక్కెళ్ళింది ఒక వీడియో గేము. మా తమ్ముడి మనవరాలు కీర్తన ఆడుతుంది. దాని పేరు నాకు నోరు తిరగదు, కథ మాత్రం తెలుసు. కరెంటు పోయిన ఊళ్ళో ఒక చిన్న పిల్ల ఇంటింటికీ వెళ్ళి దీపం వెలిగిస్తుంది. అందులో కొట్టుకోవడాలూ కాల్చుకోవడాలూ లేవు. పిల్ల అలిసిపోతే ఏదో ఒక ఇంటి మెట్ల మీద కూచోబెట్టవచ్చు. కూచున్నంతసేపూ ఒక పాట వస్తుంది, లేస్తే ఆగిపోతుంది. కీర్తన దీపాల సంగతి గాలికొదిలేసి ఆ పిల్లని కూచోబెట్టి పాట వింటుంది. చేతిలో పట్టుకుని ఆడే కంట్రోలరు ఒకటుంది. ఆటలో పిల్ల తూలిపడితే అది కూడా అరచేతిలో వణుకుతుంది.

వంటింట్లో ఉన్న నాకు ఆ పాట వినిపించేది. మీటలు నొక్కి కరెంటుతో పుట్టించే సంగీతం, సింథ్‌పాప్ అంటారట. పాడే అమ్మాయి గొంతు మెత్తగా ఉంది, మాటలు తెలుగువే. అన్నిటికీ అడుగున మాత్రం ఒక నిజమైన హార్మోనియం ఉంది. అదే నా ప్రాణానికి వచ్చింది. అది ఐదు శ్రుతిలోనూ లేదు, దాని పక్క మెట్టు ఐదున్నరలోనూ లేదు. రెండు మెట్లకీ మధ్య ఎక్కడో వేలాడుతోంది. నాలుగు రోజులు ఓర్చుకుని, ఐదో రోజు కీర్తన చేత ఆ బ్యాండు వాళ్ళకి రాయించాను. "అమ్మాయీ, నీ పాట బాగుంది. నీ పెట్టె బాగాలేదు. ఎవరికైనా చూపించు."

సాయంత్రానికే జవాబు వచ్చింది. "మీరే వచ్చి చూస్తరా అమ్మా? వచ్చే నెల బెంగళూరుల ఒక హాలుల గేము పాటలన్నీ మంది ఎదురుంగ వాయించాలె. ఆడ పియానో ఉంటది. మా సింథ్‌లకు మర తిప్పితె శ్రుతి మారుతది. పెట్టెకు మారదు గదా. మా దిక్కు బాగుచేసెటోళ్ళు దొరుకుతలేరు."

ఆకురాళ్ళూ పట్టకార్లూ సంచిలో వేసుకుని బయల్దేరాను. చాదస్తం మనిషిని ఎంత దూరమైనా నడిపిస్తుంది.

రాయచూరు

స్టేషనుకి శైలజ వచ్చింది. ఆ గొంతు ఈ అమ్మాయిదే. ముప్పై దాటిన మనిషి, బళ్ళో లెక్కలు చెబుతుంది. నూనె రాసి బిగించిన జడ, చేతికి మగవాళ్ళ గడియారం. వీడియో గేముల్లో పాడే వాళ్ళు ఎలా ఉంటారని ఊహించుకున్నానో నాకే తెలియదు, ఇలా మాత్రం కాదు.

"రైలుల నిద్ర పట్టిందా అమ్మా? ముందుగాల ఏమన్న తిందాం. ఖాళీ కడుపుతోటి పెట్టె ఇప్పొద్దు" అంది.

తీసుకెళ్ళి మండక్కి ఒగ్గరణె పెట్టించింది. మనం మరమరాలు అంటామే, వాటిని నీళ్ళలో ఒక్క మునక ముంచి, పిండి, పోపు వేసి, పుట్నాల పొడి చల్లుతారు. పక్కన ఇంతింత మిరపకాయ బజ్జీలు. ముప్పై రూపాయలకి మధ్యాహ్నం దాకా ఆకలి అనే మాట ఎత్తలేదు. మా ఊళ్ళో మరమరాలు పిల్లల చిరుతిండి. ఇక్కడ పెద్ద పెద్ద మీసాలవాళ్ళు ఆఫీసుకి పోతూ గంభీరంగా కూచుని తింటున్నారు.

శైలజ హోటలాయనతో కన్నడం, ఆటో అతనితో ఉర్దూ, నాతో తెలుగు మాట్లాడింది, మధ్యలో ఊపిరి కూడా తీసుకోకుండా. వాళ్ళది ముత్తాతల కాలం నుంచీ రాయచూరు వైపే. ఒక్క భాషతోనే మేం తెనాలిలో ఇన్ని తగాదాలు పడుతున్నాం, మూడు భాషలుంటే ఏమయ్యేవాళ్ళమో.

బ్యాండులో ఇద్దరే మనుషులు. శైలజ, జవళగేరలో వ్యవసాయం చేసే చక్రధర్. రాయచూరు కాలేజీలో కలిసి చదువుకున్నారు. బ్యాండు పేరు 'రెండో షిఫ్టు'. అదేం పేరని అడిగాను.

"మా నాయిన శక్తినగర్ల కరెంటు ఫ్యాక్టరీల నౌకరి. మొదటి షిఫ్టయితె సాయంత్రం ఇంట్ల ఉంటుండె, చదువుకో అంటుండె. రెండో షిఫ్టుకు పోతె మాకు ఆరామ్. నేను ఇంట్ల పెట్టె వాయించుకుంటుంటి." నవ్వింది. "ఆయినకు తెల్వదనుకుంటుంటి. పొద్దున లేశి, నిన్న రెండో పాట బాగలేదు అంటుండె. పక్కింటోళ్ళు చెప్తుండిరి."

పెట్టె జవళగేరలో చక్రధర్ దగ్గర ఉంది. పాటలు రికార్డు చేసేది అక్కడేనట. ఇద్దరం మాన్వి మీదుగా పోయే బస్సెక్కాం.

మాన్వి దారిలో

కండక్టరు రాగానే నా ఆధార్ కార్డు తీసి దర్జాగా చూపించాను. మా రాష్ట్రంలోనూ ఇప్పుడు ఆడవాళ్ళకి బస్సు ఊరికే కదా, ఆ అలవాటు. ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి చూసి కన్నడంలో ఏదో అన్నాడు. బస్సులో సగం మంది ఆడవాళ్ళు నవ్వారు.

"ఏందట?" అని శైలజని అడిగాను. పొద్దుటి నుంచీ ఆ అమ్మాయి పక్కన ఉండి నాకూ ఆ మాటే వచ్చేసింది.

"మీరు ఆంధ్రా అక్క, మాకు అక్క కాదు అంటున్నడు. ఈ రాష్ట్రమోళ్ళకే టికెట్ మాఫీ."

టికెట్టు తీసుకున్నాను. నా మొహం చూసి జాలి పడిందేమో, పక్క సీటులో ఉన్న ముసలమ్మ కొంగుముడి విప్పి గుప్పెడు వేయించిన పల్లీలు నా ఒళ్ళో పోసింది. పేరు హుస్సేన్‌బీ. మాన్విలో ఏదో కాగితం మీద ముద్ర వేయించుకోవడానికి పోతోంది. ఇది నాలుగో తిరుగుడట. సంచిలోంచి నా ఆకురాయి కొస బయటికి కనబడితే అదేమిటంది. చెప్పాను.

"పెట్టె బాగుచేస్తవా? మంచి పని. మా ఆయినకు పాటలంటె పానం. పత్తి మిల్లుల ముప్పై ఏండ్లు చేసిండు, కాన్ ఖరాబ్ అయినయ్. ఇప్పుడు రేడియో పెట్టుకొని దాని మీద చెయ్యి ఏసి కూసుంటడు."

శైలజ నెమ్మదిగా, "మా నాయినకు గూడ ఇనపడదు" అంది. "టర్బయిన్ కాడ చేసిండు. రిటైర్ అయినంక మొత్తం పోయింది."

"పరేషాన్ కాకు బేటీ. ఇనపడనోళ్ళకు అన్ని ఎరికైతయి. మనమే, తెల్వదులే అనుకుంటం."

శైలజ కిటికీ వైపు తిరిగింది. మాన్వి బస్టాండులో హుస్సేన్‌బీ దిగిపోయింది. కింద నిలబడి, నేను పల్లీలు తింటున్నానో లేదో చూసుకుని మరీ వెళ్ళింది. శైలజ జవళగేర దాకా ఆ కిటికీ వైపే తిరిగి కూచుంది. బస్సు కుదుపుకి అలిసిందనుకున్నాను.

జవళగేర

కాలవ దాటగానే నేల రంగు మారిపోతుంది. అప్పటిదాకా నల్లరేగడీ ముళ్ళచెట్లూ, అక్కడి నుంచి కళ్ళు పట్టనంత వరి. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఇళ్ళ వరసల్ని ఇక్కడ క్యాంపులు అంటారు. ఇంటి ముందు ముగ్గూ, అరుగు మీద దబ్బకాయలూ చూసి, రైలు తెలియకుండా నన్ను వెనక్కి తిప్పిందా అనుకున్నాను.

చక్రధర్ వాళ్ళమ్మ వెంకటలక్ష్మి గారు గుమ్మంలోనే వదిన వరస కలిపేసింది. "రండి వదినగారూ. మాది భీమవరం పక్కనండీ. వచ్చి నలభై ఏళ్ళయిపోయింది. మీ మాట వింటుంటే పుట్టింటి వాళ్ళొచ్చినట్టుంది." గోంగూర పచ్చడి, చింతచిగురు పప్పు, పక్కనే జొన్నరొట్టె. "ఈ రొట్టె తట్టడం నేర్చుకోడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టిందండీ. ఇప్పుడిది లేకపోతే మీ అన్నయ్యగారికి అన్నం తిన్నట్టే ఉండదు."

పాటలు కట్టే చోటు ధాన్యం గిడ్డంగి. చుట్టూ వడ్ల బస్తాలే గోడలు, మధ్యలో బల్ల మీద సింథ్‌లూ తీగలూ. బయట ట్రాక్టరు పోతున్నా లోపలికి చప్పుడు రాదు.

"బస్తాలుంటే గది పొడిగా పలుకుతుందండీ పిన్నిగారూ" అన్నాడు చక్రధర్. పొడుగ్గా, బెరుగ్గా ఉంటాడు, పంచె ఎగ్గట్టుకునే సింథ్ ముందు కూచుంటాడు. "ధాన్యం అమ్మేశాక గది మోగుతుంది. మీ పాప వినే ఆ మెట్ల పాట బస్తాలున్నప్పటిది. దీపాలన్నీ వెలిగాక వచ్చే పాట బస్తాలు లారీకి ఎత్తేశాకండి." ధర కోసం బస్తాలు ఆపినవాళ్ళని చూశాను గానీ పాట కోసం ఆపినవాళ్ళని ఇక్కడే చూశాను. వాళ్ళ నాన్న రెండు వారాలు ఓర్చుకున్నాడట, పెద్దమనిషి.

పెట్టె తెచ్చి ముందు పెట్టారు. పాత టేకు చెక్క, తిత్తికి మాసికలు. లోపల రెండు వరసల ఇత్తడి రీడ్లు, గాలికి పలికే సన్నని రేకులు. కింది స్థాయి పలికేది ఖరజ్ వరస, దానికి పైది నర్ వరస. ముందున్న స్టాపుల్లో ఏది లాగితే ఆ వరసకి గాలి పోతుంది, రెండూ లాగితే రెండూ పలుకుతాయి. బయల్దేరేటప్పుడు నా లెక్క సులువుగానే ఉంది. రీడు కొసన గీకితే స్వరం ఎక్కుతుంది, మొదట్లో గీకితే దిగుతుంది. ఈ పెట్టె స్వరం ఎక్కి ఉంది. మొదట్లో గీకి ఐదుకి దించాలి. రెండు రోజుల పని.

ఒక్కో మెట్టూ నొక్కి చూశాను. మూడో మెట్టు దగ్గరే నా తిట్లు ఆగిపోయాయి. పాడైపోయిన పెట్టె ఒక్కో మెట్టుకి ఒక్కోలా తప్పుతుంది. ఇది తప్పలేదు. అన్ని మెట్లూ ఒకే కొలతన, ఐదు దాటి ఐదున్నర వైపు మూడో వంతు దూరంలో నిలబడి ఉన్నాయి. ఒకదానితో ఒకటి అక్కచెల్లెళ్ళలా కలిసి ఉన్నాయి. పైకప్పు తీసి దీపం పెట్టి చూస్తే ప్రతి రీడు కొసనా సన్నని గీతలు. మా వృత్తి వాళ్ళ చెయ్యి కాదు. రంపపు బ్లేడు ముక్కతో, ఎంతో ఓపికగా, భయపడుతూ గీకిన గీతలు.

"ఇది ఎవరు కట్టిన శ్రుతి?" అన్నాను.

శైలజ ఆ గీతల మీద వేలు రాసింది. "నాయిన" అంది.

మా దుకాణంలో నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. ఒకరు కట్టిన శ్రుతిని, వాళ్ళు బతికుండగా, వాళ్ళని అడక్కుండా దించకూడదు. నాటకాల వాళ్ళు ఎంత తొందరపెట్టినా నాన్న ఈ మాట మీదే ఉండేవాడు. సద్ది కట్టుకుని పక్క ఊరు పోయి అడిగొచ్చిన రోజులున్నాయి.

"మీ నాన్నగారు ఒప్పుకున్నారా?"

"అడగలేదు అమ్మా." తల దించుకుంది. "ఆయినకు ఇనపడదు గదా. మార్చి మళ్ళ ఇంట్ల పెడితె తెల్వదులే అనుకున్న. రోజు సాయంత్రం జరసేపు పెట్టె మీద చెయ్యేసి కూసుంటడు, నేను వాయిస్త. పదిహేను దినాల కింద రికార్డింగ్ ఉందని చెప్పి ఈడికి తెచ్చిన. అప్పటిసంది రోజు అడుగుతుండు, పెట్టె ఎప్పుడొస్తది అని."

"బెంగళూరు మానేద్దామని కూడా అనుకున్నామండీ" అన్నాడు చక్రధర్. "కానీ పన్నెండేళ్ళుగా ఈ బస్తాల మధ్యే వాయించాం. మనుషుల ఎదురుగా వాయించమని పిలిచింది ఇదే మొదటిసారి."

నాకు కోపం రావాలి, రాలేదు. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళున్నాయి. ఆకురాళ్ళు తిరిగి సంచిలో పెట్టేశాను. పొద్దున్నే పెట్టె తీసుకుని శక్తినగర్ పోదామన్నాను.

శక్తినగర్

ఊరు రాకముందే పొగగొట్టాలు కనిపిస్తాయి. రోడ్డు పక్క ఆకుల మీద సన్నని బూడిద. కంపెనీ బస్సుల్లో షిఫ్టు దిగినవాళ్ళు తలలు వాల్చి నిద్రపోతున్నారు. కాలనీ దాటి దేవసూగూరు వైపు ఒక సందులో వాళ్ళ ఇల్లు. రిటైరై క్వార్టర్సు ఖాళీ చేశాక ఇక్కడికొచ్చారట. ఇంటి మూలనే ట్రాన్స్‌ఫార్మరు. బండి దిగగానే నా చెవికి తగిలింది, మ్మ్మ్ అని ఆగని కూత. నేను సందులోనే నిలబడిపోయాను.

అది ఐదుకీ ఐదున్నరకీ మధ్య ఉంది, పెట్టె ఎక్కడుందో సరిగ్గా అక్కడ.

శైలజ వాళ్ళ నాన్న నర్సప్ప గారు అరుగు మీద కూచుని ఉన్నారు. బక్కపలచటి మనిషి, ఉతికిన తెల్ల బనీను. పెట్టెని చూడగానే లేచి నిలబడ్డారు, తర్వాతే కూతుర్ని చూశారు. తండ్రీ కూతుళ్ళు చేతులతో మాట్లాడుకుంటారు. టర్బయిన్ల దగ్గర మాట వినపడదు కాబట్టి పనివాళ్ళకి సైగలుంటాయట, అవే ఇంటికి తెచ్చుకున్నారు. పిడికిలి బిగిస్తే ఆపు. అరచెయ్యి కిందికి రెండుసార్లు ఊపితే తగ్గించు. అరచెయ్యి అడ్డంగా చాచి కదలకుండా పడితే, బాగుంది, అట్లనే ఉండనియ్. శైలజ, చక్రధర్ పాట మధ్యలో చేసుకునేవీ ఈ సైగలే.

శైలజ నన్ను చూపించి, పెట్టెని చూపించి, అరచెయ్యి కిందికి రెండుసార్లు ఊపింది. ఆ రెండోసారి చెయ్యి సగంలోనే ఆగిపోయింది. ఆయనకి అర్థమైంది. నావైపు తిరిగి, చెవిటివాళ్ళు మాట్లాడినట్టే కాస్త గట్టిగా అన్నారు.

"గీకమ్మా. పెట్టె దానిది. బెంగళూరుల నలుగురు ఇనాలె. నాకేముంది."

నేను పలక అడిగి తీసుకుని రాశాను. 'ఈ శ్రుతి మీరు ఎలా కట్టారు?'

ఆయన మొహం విప్పారింది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదనుకుంటాను.

"భజన మండలోళ్ళు వానకు తడిసిందని పారేస్తె తెచ్చిన. సరిచేసుడు నాకేం ఎరిక? తంబూర లేదు. కాని క్వార్టర్సుల యాడ కూసున్నా ఒక సప్పుడుండె. తింటుంటె అదే, పండుకుంటె అదే. దాన్నే సా అనుకున్న. ఒక్కొక్క రీడు గీకి దానికి కలిపిన. ఏడాది పట్టింది. అప్పుడు చెవులు బాగనే ఉండె."

నవ్వు ఆపుకుంటూ రాశాను. 'శ్రుతి అక్కడ ఉండదండీ.'

"నీ దిక్కు ఉండదేమొ." ఆయన నవ్వలేదు. "అమ్మా, మేము షిఫ్టుల కూసొని చేసిందేంది? గా సప్పుడు ఎక్కొద్దు, దిగొద్దు. జర దిగితె దేశమంత దీపాలు పోతయి. ముప్పై ఏండ్లు దాన్ని పట్టుకొని కూసున్నం. దానికంటె నమ్మకమైన శ్రుతి నాకు యాడ దొరుకుతది?"

కరెంటు ఎక్కడైనా ఒకటే కదా. మా ఇంట్లో ఫ్రిజ్ కూడా ఇదే కూత కూస్తుంది, నాకు తెలుసు. మీ ఇంట్లోదీ అంతే. దాన్ని ఎవరో ఎక్కకుండా దిగకుండా పట్టుకుని కూచున్నారని మాత్రం నేనెప్పుడూ అనుకోలేదు.

శైలజ పెట్టె తెరిచి వాయించింది. ఆయన అరచెయ్యి పెట్టె పక్క చెక్క మీద పెట్టి కళ్ళు మూసుకున్నారు. ఖరజ్ వరస పలికినప్పుడు తల ఊగింది. నర్ వరసకి మారితే కళ్ళు తెరిచారు. "పై సరం చేతికి అందదు" అన్నారు. "కిందిదే తెలుస్తది."

నాకు ఉపాయం తట్టింది అప్పుడే. ఉపాయం అనకూడదేమో, మా నాన్న వింటే దుకాణం లోంచి గెంటేసేవాడు. ఒక పెట్టెలో ఒకటే శ్రుతి ఉండాలి. అది మా వృత్తిలో మొదటి పాఠం. నేను ఖరజ్ వరస ముట్టుకోను. అది ఆయన కట్టినట్టే ఉంటుంది. నర్ వరస ఒక్కటీ గీకి ఐదుకి దించుతాను. బెంగళూరులో నర్ స్టాపు లాగితే పియానోతో కలుస్తుంది. ఇంట్లో ఖరజ్ స్టాపు లాగితే ఆయన చేతికి అందుతుంది. పలక మీద బొమ్మ వేసి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. తర్వాత అరచెయ్యి అడ్డంగా చాచి పట్టుకున్నారు.

రెండున్నర రోజులు ఆ అరుగు మీదే కూచుని గీకాను. వీధిలో ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూసి పోయారు. ఒకావిడ జొన్నరొట్టెలు తెచ్చింది, ఒకావిడ కృష్ణానది చేపల పులుసు తెచ్చి, "ఊట ఆయిత?" అని తిన్నానో లేదో కన్నడంలో అడిగి, మిగతాదంతా తెలుగులో తిట్టింది, బక్కగా ఉన్నావని. మా వైపు పులుసులో బెల్లం ముక్క పడాలి. ఇక్కడ పడదు, కారం ఒక్కటే రాజ్యం చేస్తుంది. కళ్ళు తుడుచుకుంటూ రెండోసారి వేయించుకున్నాను. రెండో రోజు చెయ్యి జారి ఒక రీడు విరిగింది. నా వయసులో అలా జరగకూడదు. నర్సప్ప గారు లోపలికి పోయి, ఏనాటిదో కాగితంలో చుట్టి దాచిన విడి రీడ్లు నాలుగు తెచ్చి నా ముందు పెట్టారు.  అందులో ఒకటి వెయ్యడానికి నాకు ఒక పూట పట్టింది, సిగ్గు పోవడానికి మరో పూట.

మూడో రోజు మధ్యాహ్నం చక్రధర్ కూడా వచ్చాడు. శైలజ నర్ స్టాపు లాగి వాయించింది. అతను ఫోనులో పియానో పెట్టి కలిపి చూశాడు. పాలల్లో నీళ్ళలా కలిశాయి. ఖరజ్ లాగింది. తండ్రి చెక్క మీద చెయ్యేసి నవ్వారు. నేను ఆ రెండు స్టాపులకీ రెండు రంగుల దారాలు కట్టి, కూతురికి మాస్టారులా చెప్పాను.

"రెండూ కలిపి మాత్రం ఎప్పుడూ లాగకు. కొట్లాడుకుంటాయి. వినలేవు."

ఆ అమ్మాయి తలూపింది. తలూపి, నేను మంచినీళ్ళు తాగడానికి చెంబెత్తేలోగా రెండూ లాగింది. కావాలని చేసిందో, చెయ్యి పొరబడిందో ఇప్పటికీ చెప్పదు.

పెట్టె ఉవ్వు ఉవ్వు ఉవ్వు మని కొట్టుకోవడం మొదలుపెట్టింది. స్థాయి వేరైనా, కాస్త తేడాతో ఉన్న రెండు స్వరాలు కలవలేక అలా ఎగసి పడతాయి. మేం అన్నిటికంటే అసహ్యించుకునే చప్పుడు అదే, దాన్ని చంపడానికే మా వృత్తి పుట్టింది. నేను చెంబు వదిలేసి పిడికిలి బిగించి చూపించాను, ఆపు అని.

నర్సప్ప గారు నన్ను చూడలేదు. ఆయన రెండు చేతులూ పెట్టె మీద పెట్టి ఉన్నారు. మొహంలో ఏదో మారుతోంది.

"శైలూ" అన్నారు. ఈసారి గొంతు పెద్దది కాదు. "ఇది కొట్టుకుంటుంది. దండిగ తెలుస్తుంది. చిన్నప్పుడు నిన్ను ఎత్తుకుంటె గిట్లనే ఉంటుండె, ఛాతి మీద."

శైలజ తిత్తి ఆపలేదు. ఏడుస్తూనే ఊదుతోంది. నేను పిడికిలి విప్పి కింద పెట్టుకున్నాను. ఆయన ఒక చెయ్యి తీసి, గాలిలో అడ్డంగా చాచి, కదలకుండా పట్టుకున్నారు.

మళ్ళీ తెనాలి

బెంగళూరు బాగా జరిగిందని చక్రధర్ ఫోన్ చేశాడు. పియానో ఆయన పెట్టె శ్రుతి ఎవరు చేశారని అడిగాడట. ఆ మాటకి రెండు రోజులు దుకాణంలో నా కాలు నేలమీద ఆనలేదు. తర్వాత అతను గొంతు తగ్గించి, "పిన్నిగారూ, ఇంకోటి చెప్పాలండీ. గేములో ఆఖరి ఇంటికి కొత్త పాట కట్టాం. మీరు తిడతారేమోనని..." అని నసిగాడు. ఏమిటో చెప్పకుండానే ఫోన్ పెట్టేశాడు.

మొన్న ఆదివారం ఆ కొత్త భాగం వచ్చింది. కీర్తన పొద్దున్నుంచీ ఆడి, చివరి ఇంటి దీపం వెలిగించి, ఆ పిల్లని మెట్ల మీద కూచోబెట్టింది. నేను దొండకాయలు తరుగుతున్నాను. సింథ్ లేదు, గొంతు లేదు. ఖాళీ గిడ్డంగిలో పెట్టె ఒక్కటే మోగింది, రెండు స్టాపులూ లాగి. ఉవ్వు ఉవ్వు ఉవ్వు. కత్తిపీట పక్కకి జరిపి లేచి వెళ్ళాను.

"బామ్మా, ఇది చూడు" అని కీర్తన కంట్రోలరు నా చేతుల్లో పెట్టింది. పాట ఎలా కొట్టుకుంటుందో అదీ అలాగే కొట్టుకుంటోంది. ఆట చేసినవాళ్ళు పాట వణుకుని చేతికి కూడా పంపారు. గుప్పిట్లో పిచ్చుకని పట్టుకున్నట్టుంది. దేవసూగూరులో అరుగు మీద ఒక మనిషి ఇలాంటిదే రెండు చేతులతో పట్టుకుని కూచుని ఉంటాడని నాకు తెలుసు. ఇది ఆయన కోసమే కట్టారు. వంటింట్లో ఫ్రిజ్ ఆయన సా పలుకుతోంది. నా చెవి మామూలుగానే తప్పు తప్పు అంటూనే ఉంది. నేను దాని మాట వినలేదు.

"శ్రుతి తప్పింది కదా బామ్మా, నీకు చిరాకు కదా. ఆపేయనా?" అంది కీర్తన.

కంట్రోలరు ఒక చేత్తో పట్టుకుని, రెండో అరచెయ్యి అడ్డంగా చాచి కదలకుండా పట్టుకున్నాను. దానికి అర్థం కాలేదు. చెప్పాను, ఆయన యాసలోనే.

"అట్లనే ఉండనియ్."